కుంచం ఎవరి చేతిలో ఉంది?

మాత్రలు బియ్యం డబ్బాలో దొరికాయి.

2023 జూలైలో ఒక ఆదివారం. నేను పనిచేసే ఊరి నుంచి బస్సు దిగి పల్లెకొచ్చేసరికి అమ్మ ఇంట్లో లేదు. ఊడుపుల్లోకి పోయింది. అన్నం వండుదామని డబ్బాలో చెయ్యి పెడితే అడుగున ఒక గుడ్డమూట తగిలింది. విప్పి లెక్కపెట్టాను. లెక్కల టీచర్ని, కోపం రాకముందు లెక్కే పెడతాను. పది మాత్రల అట్టలు ఏడు, విడిగా నాలుగు. రోజుకొకటి చొప్పున డెబ్బై నాలుగు రోజులు. అంటే మే నెల మొదట్నించీ మా అమ్మ మందు వేసుకోవటం లేదు.

ఆ మాత్ర పేరు లెట్రోజోల్. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ చేసి, సెలైన్లో మందు ఎక్కించి, కరెంటు పెట్టి, అన్నీ అయ్యాక జబ్బు తిరగబెట్టకుండా ఐదేళ్లు వేసుకోమని రాసిచ్చిన మందు. నెలనెలా నేనే కొని పంపుతున్నాను.

సాయంత్రం అమ్మ మోకాళ్ల దాకా బురదతో వచ్చింది. కాళ్లు కూడా కడుక్కోనీకుండా వాకిట్లోనే అరిచాను. "ఏంటమ్మా ఇది? చావాలనుందా నీకు?" పక్కింటి చిన్నమ్మ తడిక మీదుగా తొంగి చూసింది. అమ్మ ఏమీ మాట్లాడలేదు. కుండలో నీళ్లు ముంచుకుని నింపాదిగా కాళ్లు కడుక్కుంది. అరుగు మీద కూర్చుని రెండు చేతులూ నా ముందు చాపింది. పిడికిలి బిగించింది. విప్పింది. మళ్లీ బిగించింది.

"చూడు. ముడుచుకుంటన్నయ్" అంది. "బలానికని ఇచ్చావు. ఉన్న బలం పోయింది. మానేశా. నెల తిరక్కుండా బలమొచ్చింది. ఇంకేం కావాలి నీకు?"

నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే అవి బలానికి మాత్రలని చెప్పింది నేనే.

ఈ వ్యాసం ఆ అబద్ధం గురించి. మందు మేలు ఎంత, కీడు ఎంత అని తూచాల్సి వచ్చినప్పుడు ఆ తూకం ఎవరు వెయ్యాలి అన్న ప్రశ్న గురించి. ఇది డాక్టర్ల ప్రశ్నే అయితే నేను రాసేదాన్ని కాదు. ఇది మన ప్రశ్న కూడా. మన అమ్మల వొళ్లు మీద ఎప్పుడూ ఎవరో ఒకరు లెక్క కడుతూనే వచ్చారు.

మాది కృష్ణా డెల్టాలో కాలవ చివర ఊరు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు గుంటూరు జిల్లాలోంచి బాపట్ల జిల్లాలోకి పోయింది. పల్లె మాత్రం ఉన్నచోటే ఉంది, ఊరికి దిగువన, మురుక్కాలవ పక్కన. అమ్మ వయసు ఎంతో అమ్మకి తెలీదు. ఆధార్ కార్డులో ఉన్నది ఎవరో వేసిన అంచనా. 1977 ఉప్పెన నాటికి తను కలుపు తీతకి పోతోందట, సగం కూలి ఇచ్చేవారట. ఆ లెక్కన పన్నెండో పదమూడో ఏళ్లుండాలి.

అమ్మ చిన్నతనంలో కూలి ధాన్యంగా ఇచ్చేవాళ్లు. కామందు కల్లంలో కుంచంతో కొలిచేవాడు. కుంచాలు రెండుండేవని అమ్మ చెప్పేది. పుచ్చుకునేటప్పుడు ఒకటి, ఇచ్చేటప్పుడు ఒకటి. చూడ్డానికి రెండూ ఒకటే. ఇచ్చే కుంచానికి అడుగు పైకి నొక్కి ఉండేది. గింజలు పడుతున్నప్పుడు కళ్లముందే తక్కువ పడుతున్నాయని తెలుస్తుంది, అనటానికి మాత్రం లేదు. కుంచం వాళ్ల చేతిలో ఉంది. మనది కొంగు పట్టటమే.

అలా కొంగు పట్టిన చేతులే నన్ను చదివించాయి. డిగ్రీ, బీఈడీ, డీఎస్సీ కోచింగు. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేను. 2016లో గవర్నమెంటు టీచరునయ్యాను. నాన్న అది చూడకుండానే పోయాడు. నాకు ఉద్యోగం వచ్చాక "ఇంక కూలికి పోవద్దమ్మా" అన్నాను. "నీ జీతం నీది, నా కూలి నాది" అంది. అప్పుడు నవ్వి ఊరుకున్నా. ఆ మాట అర్థం కావటానికి నాకు ఏడేళ్లు పట్టింది.

2021లో అమ్మకి ఎడమ రొమ్ములో గడ్డ తగిలింది. మినుము పీకుతుంటే గట్టిగా ఏదో ఉందనిపించిందట. నొప్పి లేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. నొప్పి లేని దాన్ని జబ్బని అనుకునే తీరిక మా పల్లెలో ఎవరికుంది? నాలుగు నెలలు పోయాక స్నానం చేస్తుంటే చిన్నమ్మ చూసి నాకు ఫోన్ చేసింది. ఆరోగ్యశ్రీ కార్డు మీద ఆపరేషన్ అయింది. రొమ్ము తీసేశారు. 2022 జూన్ నుంచి మాత్రలు మొదలయ్యాయి.

ఇంత జరిగినా అమ్మకి తన జబ్బు పేరు తెలీదు. "గడ్డ" అన్నాం. జుట్టు రాలితే "మందు వేడి" అన్నాం. ఆసుపత్రిలో డాక్టరు నాతోనే మాట్లాడాడు. అమ్మ ఎదురుగా కూర్చునే ఉంది, ఆయన చూపు ఆమె మీద పరీక్ష చేసేటప్పుడు తప్ప పడలేదు. "మీరు చదువుకున్నారు, మీరే చెప్పుకోండి" అన్నాడు. నాకు అది గౌరవంలా అనిపించింది. అవును, సిగ్గుపడుతూనే రాస్తున్నా. ఒక డాక్టరు నాతో సమానంగా, ఇంగ్లీషు మాటలు కలిపి మాట్లాడుతుంటే లోపల ఎక్కడో సంబరపడ్డాను. పక్కనే ఉన్న అమ్మ గదిలో లేనట్టే అయిపోయింది. ఆ పని డాక్టరు ఒక్కడే చెయ్యలేదు, నేనూ చేశాను.

ఎనిమిది నెలలకి అమ్మ చేతులు పట్టేశాయి. పొద్దున లేస్తే వేళ్లు ముడవలేదు, గ్లాసు పట్టుకోలేదు. కూర్చుంటే మోకాళ్లు లేవనీయలేదు. రాత్రిళ్లు వొళ్లంతా సెగలు, చెమటలు. మళ్లీ తీసుకుపోతే డాక్టరు కాగితం మీంచి తలెత్తకుండా, "కూలి పనోళ్లకి ఈ నొప్పులు మామూలేగా" అన్నాడు. నొప్పి మాత్ర రాశాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు పొడిచింది. లెట్రోజోల్ లాంటి మందులు వేసుకునే ఆడవాళ్లలో సగం మంది దాకా కీళ్ల నొప్పులు చెబుతారని తర్వాత చదివాను. డాక్టరుకి అది తెలియకుండా ఉంటుందా? తెలుసు. కాకపోతే అమ్మ వొళ్లు చూడగానే ఆ నొప్పి మందు ఖాతాలోంచి పుట్టుక ఖాతాలోకి మారిపోయింది. ఆఫీసులో కూర్చునే ఆమె పిడికిలి ముడవకపోతే అది సైడ్ ఎఫెక్టు. మా అమ్మది ముడవకపోతే అలవాటు. నొప్పిని ఓర్చుకునే వొళ్లు కొన్ని ఉంటాయనీ, వాటికి బాధ తక్కువనీ ఈ దేశంలో వేల ఏళ్లుగా నమ్ముతున్నారు. కర్మ అని ఒకప్పుడు అన్నారు. ఇప్పుడు అలవాటు అంటున్నారు.

ఆదివారం రాత్రికి తిరుగు బస్సు ఎక్కలేదు. సోమవారం సెలవు పెట్టాను. అమ్మ పక్కలో పడుకుని నిజం చెప్పాను. గడ్డ పేరు క్యాన్సర్ అని, ఈ మాత్ర బలానికి కాదని, మానేస్తే జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుందని. చీకట్లో అమ్మ మొహం కనపడలేదు. చాలాసేపటికి అంది:

"నాకు తెలుసులే. కరెంటు పెట్టే చోట అందరూ అదే పేరు చెప్పుకుంటన్నారు. నువ్వు చెప్పలేదు కాబట్టి నువ్వు భయపడతన్నావనుకున్నా. నీ కోసం తెలీనట్టు ఉన్నా."

తర్వాత కొంచెంసేపు ఆగి ఇంకో మాట అంది. "అప్పుడు కూడా ఇట్టాగే కదే. క్యాన్సర్ వస్తదని చెప్పేగా గర్భసంచి తీశారు."

నాకు తొమ్మిదేళ్లప్పటి సంగతి అది. 1998. అమ్మకి తెల్లబట్ట, నడుం నొప్పి. టౌన్లో ఒక నర్సింగ్ హోముకి పోతే స్కానింగ్ తీసి, గర్భసంచి పాడైంది, ఉంచితే క్యాన్సర్ అవుద్ది అన్నారు. నాన్న వడ్డీకి తెచ్చి కట్టాడు. అండాశయాలు కూడా తీసేశారని చాలా ఏళ్ల తర్వాత ఆ పాత కాగితం చదివినప్పుడు నాకు తెలిసింది. అమ్మకి అప్పుడు ముప్పై నాలుగేళ్లుంటాయి. ఆమె ఒక్కతే కాదు, మా పల్లెలో ఆ వయసు ఆడవాళ్లను లెక్కపెడితే గర్భసంచి ఉన్నవాళ్లను వేళ్ల మీద చెప్పొచ్చు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల వాటా దేశం మొత్తంలో ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువ.

లేని క్యాన్సర్ పేరు చెప్పి ఒకసారి భయపెట్టారు. ఉన్న క్యాన్సర్ పేరు చెప్పకుండా ఇంకోసారి నేను దాచాను. ఆ రెండింటికీ తేడా ఉందని ఆ రాత్రి నాకు నేను చాలా చెప్పుకున్నాను. వాళ్లది డబ్బు, నాది ప్రేమ. కానీ అమ్మ వైపు నుంచి చూస్తే రెండుసార్లూ జరిగింది ఒకటే. తన వొంట్లో ఏముందో తనకి తప్ప అందరికీ తెలుసు.

చదువు మనకి దక్కకూడదన్న మనువుని తిడుతూ నేను ఎన్ని సభల్లో మాట్లాడానో! ఏప్రిల్ 14న మైకు పట్టుకుని, జ్ఞానాన్ని దాచటమే పెద్ద హింస అని పిల్లలకి చెప్పాను. ఇంటికొచ్చి అమ్మకి ఆమె వొంటి గురించిన జ్ఞానాన్నే దాచాను. "తట్టుకోలేదు" అన్నాను. శూద్రుడు, పంచముడు, ఆడది తట్టుకోలేరని కదా వాళ్లూ అన్నది!

పొద్దున్నే చేట తీసుకుని అందులో వంద మినుగింజలు పోశాను. అమ్మకి మందు ఎలా పనిచేస్తుందో ముందు చెప్పాను. రొమ్ము క్యాన్సర్లలో కొన్ని ఆడ హార్మోను ఈస్ట్రోజన్‌ని ఎరువుగా వాడుకుని పెరుగుతాయి. అమ్మ గడ్డ ముక్కని పరీక్ష చేస్తే ఆ రకమే అని వచ్చింది. ఈ సంగతి లోకానికి తెలిసి వందేళ్లు దాటింది. 1896లో గ్లాస్గోలో బీట్సన్ అనే సర్జను, ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న ఒకామెకి అండాశయాలు తీసేస్తే గడ్డలు కరిగాయని రాశాడు. అండాశయాలు లేకపోయినా, నెలసరి ఆగిపోయినా, వొంట్లో కొవ్వు వేరే హార్మోన్లని మార్చి కొంచెం ఈస్ట్రోజన్ తయారుచేస్తూనే ఉంటుంది. లెట్రోజోల్ ఆ తయారీని ఆపుతుంది. పైరుకి నీళ్లు కట్టేసినట్టు. అయితే ఆ నీళ్లే ఎముకలకీ కావాలి, కీళ్లకీ కావాలి. మడవ కట్టేస్తే కలుపూ ఎండుద్ది, వరీ వాడుద్ది.

"మరి నీళ్లు కట్టేసేవాడు ఆ సంగతి చెప్పాలిగా" అంది అమ్మ.

తర్వాత వంద గింజల లెక్క. 2015లో ముప్పై వేలకు పైగా ఆడవాళ్ల వివరాలు కలిపి వేసిన లెక్క ఒకటి ఉంది. నెలసరి ఆగిపోయి, ఈ రకం క్యాన్సర్ తొలి దశలో చికిత్స అయిన వాళ్లు. ఐదేళ్లు లెట్రోజోల్ కోవ మందులు వాడినవాళ్లలో పదేళ్లలోపు ఈ జబ్బుతో చనిపోయింది నూటికి సుమారు 12 మంది. వేరే మందు, టామాక్సిఫెన్ వాడినవాళ్లలో సుమారు 14 మంది. ఏ మాత్రా వాడకపోతే? టామాక్సిఫెన్ ఐదేళ్లు వాడితే ఈ జబ్బు చావులు మూడో వంతు దాకా తగ్గుతాయని 2011లో వచ్చిన ఇంకో పెద్ద లెక్క చెప్పింది. వెనక్కి కట్టుకుంటే నూటికి 21 అవుతుంది. ఇది నేను ఇంట్లో కట్టిన ఉజ్జాయింపు. తర్వాత ఒక డాక్టరమ్మకి చూపిస్తే, "మీ అమ్మలాంటి వాళ్లకి దరిదాపుగా సరిపోతుంది" అంది.

విద్యార్థులు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. "మందు చావుని మూడో వంతు తగ్గిస్తుంది" అంటే చాలా పెద్దగా వినిపిస్తుంది. "నూటికి ఏడుగురు ఎక్కువ బతుకుతారు" అంటే చిన్నగా వినిపిస్తుంది. రెండూ ఒకటే లెక్క. జబ్బు ముదిరి, ముప్పు నూటికి 60 ఉన్న మనిషికి మూడో వంతు అంటే ఇరవై మంది. ముప్పు 6 ఉన్న మనిషికి మూడో వంతు అంటే ఇద్దరే. భయపెట్టాలనుకునేవాడు ఒకలా చెబుతాడు, తేలిక చెయ్యాలనుకునేవాడు ఇంకోలా చెబుతాడు. నొక్కు కుంచం, మంచి కుంచం చూడ్డానికి ఒకలాగే ఉన్నట్టు.

అమ్మ చేటలోంచి ఇరవై ఒక్క గింజలు వేరు చేసింది. అందులోంచి ఏడు వెనక్కి నెట్టింది. మళ్లీ రెండు వెనక్కి నెట్టింది. ఆ రెండింటినీ వేలితో అలా కదుపుతూ చాలాసేపు కూర్చుంది.

"ఈ రెండు గింజలకా నా చేతులు?"

"అవునమ్మా."

"ఆ రెండిట్లో నేనున్నానో లేనో ఎవురికన్నా తెలుసా?"

"తెలీదమ్మా. డాక్టరుకీ తెలీదు."

"ఈ వందమందిలో ఊడ్చేవోళ్లున్నారా?"

నేను తెల్లబోయాను. ఆ లెక్కల్లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది యూరప్, అమెరికా ఆడవాళ్లు. వాళ్ల చేతులూ నొప్పి పుడతాయి, కాదనను. కానీ పిడికిలి ముడవకపోతే ఆ పూటకి కూలి పోయే మనుషులు, వంగి వంద కట్టల నారు నాటే మనుషులు ఆ వందలో ఎందరు? నేను డిగ్రీలో లెక్కలు చదివి, ఆ పేపర్లన్నీ నిఘంటువు పక్కన పెట్టుకుని చదివి, ఆ ప్రశ్న వెయ్యలేదు. సంతకం రాని మా అమ్మ వేసింది.

ఆ ఆగస్టులో ఇంకో ఆసుపత్రికి తీసుకుపోయాను. అక్కడి డాక్టరమ్మ ముందు అమ్మ చేతులు పట్టుకుంది. ప్రతి కణుపూ నొక్కి చూసింది. నన్ను బెంచీ మీద కూర్చోమని, "మీరు చెప్పండమ్మా" అంది అమ్మతో. అమ్మ మాత్రలు మానేసిన సంగతి కూడా దాచకుండా చెప్పింది. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టలేదు. నొప్పి మందు వల్లా, వయసు వల్లా అని తెలుసుకోవటానికి తాము కూడా కొన్ని వారాలు మందు ఆపి చూస్తామనీ, కాకపోతే చెప్పి ఆపాలనీ, ఇన్ని రోజులు ఆపకూడదనీ అంది. అమ్మ నా వైపు చూసింది. ఆ చూపులో కొంచెం గర్వం ఉంది.

ఎముకల పరీక్ష రాసింది. ఎముకలు బాగా పలచబడ్డాయని తేలింది. ముప్పై నాలుగేళ్లకే అండాశయాలు తీసెయ్యటం ఎముకల్ని అప్పుడే దెబ్బతీసి ఉంటుందనీ, దాని మీద ఈ మందు పడిందనీ చెప్పింది. కాల్షియం, డి విటమిన్ రాసింది. తర్వాత దారులు చెప్పింది. ఒకటి, ఇదే మందు వాడుతూ, వ్యాయామం చేస్తూ, నొప్పికి వేరే మందు తీసుకోవటం. రెండు, ఇదే కోవలో ఇంకో మందుకి మారటం. కొందరికి మార్చితే పడుతుంది. మూడు, టామాక్సిఫెన్. అది ఈస్ట్రోజన్ తయారీని ఆపదు, రొమ్ము కణాల్లో అది కూర్చునే పీటని తను ఆక్రమిస్తుంది. 1962లో ఇంగ్లండులో గర్భం రాకుండా చేసే మందు కోసం వెతుకుతూ తయారుచేశారు, ఆ పనికి పనికిరాలేదు, ఈ పనికి వచ్చింది. నెలసరి ఆగినవాళ్లలో ఎముకలకి అది మేలే చేస్తుంది. కీళ్ల నొప్పులు తక్కువ. సెగలు ఉంటాయి. కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు కొంచెం ఉంది, పిక్క వాచినా ఆయాసం వచ్చినా వెంటనే రావాలి. ఇంకో పెద్ద ముప్పు గర్భసంచి క్యాన్సర్.

డాక్టరమ్మ కాగితం మీద ఆ చివరి మాట రాసి, కొట్టేసింది. "మీకు గర్భసంచి లేదు కాబట్టి ఇది మీకు లేదు."

అమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. క్యాన్సర్ భయం పెట్టి ఇరవై అయిదేళ్ల కింద దోచుకున్నది ఇవ్వాళ ఒక ముప్పు తగ్గింపుగా లెక్కలోకి వచ్చింది. దీన్ని మేలు అనాలా? అదే కోత ఎముకల్ని తినేసి తక్కెడలో రెండోవైపు కూడా కూర్చుని ఉంది. మన వాళ్ల వొంట్లో ఏ జబ్బునైనా తూచండి, పాత అన్యాయం ఏదో ఒకటి రాయిలా అందులో పడే ఉంటుంది.

"ఏదంటారు?" అని డాక్టరమ్మ అమ్మనే అడిగింది. అమ్మ ఒక్క ప్రశ్న వేసింది. "దీనికి ఎన్ని గింజలు?" నేను వివరించాల్సి వచ్చింది. డాక్టరమ్మకి అర్థమైంది. "రెండు గింజలు తగ్గుతాయమ్మా. కానీ మానేసి ఊరుకునే దానికంటే ఏడు గింజలు మీ వైపు ఉంటాయి."

"అయితే ఆ ఏడే తీసుకుంటా. రెండు నా చేతులకి వదిలేశా."

ఇక్కడిదాకా కథ. నాకు మిగిలిన ప్రశ్న ఇది. నేను ఏం చెయ్యాల్సింది?

మొదట్లో నా వాదన తేలిక. ప్రాణం కంటే చేతులు ఎక్కువా? జీతం వచ్చే కూతురుంది, కూలికి పోవాల్సిన పని లేదు, నొప్పి ఓర్చుకుని మందు వేసుకోవాలి. ఇది ప్రేమ మాటే. కానీ ఇందులో అమ్మ బతుకంటే ఊపిరి మాత్రమే. ముఠాలో పదిమంది ఆడాళ్లతో గట్టున కూర్చుని కూడు తినటం, వరసలో ముందు పోయి వెనకబడ్డ పిల్లని ఎగతాళి చెయ్యటం, శనివారం తన డబ్బులు తను కొంగున కట్టుకోవటం — ఇవేవీ నా లెక్కలో లేవు. అమ్మ చేతులు ఆమెకి పనిముట్లు మాత్రమే అని నేననుకున్నాను. నాకు చదువు వచ్చాక ఆ పనిని తక్కువగా చూడటం కూడా వచ్చిందేమో! ఊడుపుని బానిసత్వమని మాత్రమే చూసే కన్ను నాది. ఆమెకి అది బానిసత్వమూ అవును, తన ప్రపంచమూ అవును.

రెండో వాదన దీనికి ఎదురుది. ఈమధ్య మన మిత్రులు కొందరు అంటున్నారు. "ఆమె వొళ్లు, ఆమె ఇష్టం. మధ్యలో నువ్వెవరు?" వినటానికి బాగుంటుంది. కానీ మేలో మా అమ్మ మాత్రలు బియ్యంలో దాచినప్పుడు చేసింది ఇష్టమేనా? మాత్ర ఎందుకో తెలీదు. నొప్పి చెబితే అలవాటన్నారు. వేరే మందు ఉందని ఎవరూ అనలేదు. కూతురు అబద్ధమాడింది. అన్ని దారులూ మూసేసి, మిగిలిన ఒక్క సందులోంచి మనిషి దూరితే దానికి స్వేచ్ఛ అని పేరు పెట్టి మనం చేతులు కడుక్కోవటం న్యాయం కాదు. అది కామందు అన్న మాటే. "ఇష్టమైతే పట్టు, లేకపోతే పో."

నాకు తోచింది ఇంతే. తూకం ఆమే వెయ్యాలి. కాకపోతే తక్కెడని శుభ్రం చేసే పని మనది. నిజం ఆమె మాటల్లో చెప్పాలి. నొప్పిని నొప్పిగా రాసుకునే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. ఉన్న దారులన్నీ ముందు పెట్టాలి. ఆ పూట కూలి పోతుందన్న భయం మందుని నిర్ణయించకుండా చూడాలి. ఇవన్నీ చేశాక ఆమె ఏది ఎంచుకున్నా, అది మనకి నచ్చకపోయినా, పక్కనే నిలబడాలి. 1927 మార్చిలో అంబేద్కర్ మహాడ్ చెరువుకి మనవాళ్లని నడిపించింది గొంతెండిపోయి కాదు. ఆ నీళ్లు ముట్టే హక్కు కోసం. మాత్ర వేసుకోవటం కంటే ముందు, మాత్ర గురించి తెలుసుకునే హక్కు అలాంటిదేనని నా నమ్మకం.

ఉద్యమాల్లో ఉన్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మాట. కారంచేడు గురించి, చుండూరు గురించి మన పిల్లలకి చెబుతాం, చెప్పాలి. కత్తి పడ్డ వొళ్లు మనకి కనపడుతుంది. భయపెట్టి తీసేసిన గర్భసంచి, నాలుగు నెలలు ఎవరికీ చూపించని గడ్డ, ముడవని పిడికిలి మనకి కనపడవు. వాటికి కరపత్రం వెయ్యం. ఈసారి ఇంటికి పోయినప్పుడు అమ్మ చేతులు ఒకసారి పట్టుకుని చూడండి. ఏం మందు వేసుకుంటుందో, అదెందుకో ఆమెకి తెలుసేమో అడగండి.

అమ్మ టామాక్సిఫెన్ మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. సెగలు ఉన్నాయి. రాత్రి లేచి వాకిట్లో తిరుగుతుంది. ఊడుపులకి పోతుంది, మునుపటిలా పూర్తి వరస పట్టలేదు, సగం పడుతుంది. పిక్కలు తనే నొక్కి చూసుకుంటుంది. ఈమధ్య పల్లెలో ఇద్దరు ఆడాళ్లు గడ్డ ఉందని ముందు అమ్మ దగ్గరికే వచ్చారు. ఒకామెని తనే ఆసుపత్రికి తీసుకుపోయింది.

జబ్బు తిరగబెడుతుందేమో అన్న భయం నాకు పోలేదు. ప్రతి ఆరు నెలల పరీక్షకీ ముందు రాత్రి నాకు నిద్ర పట్టదు. ఆ రెండు గింజలు కళ్లముందు మెదులుతాయి. రేపు నిజంగానే తిరగబెడితే, పట్టుబట్టి పాత మందే వేయించాల్సిందని నన్ను నేను తిట్టుకుంటానేమో. ఆ మాట ఒకసారి అమ్మతో అనేశాను.

"తిరగబెడితే నీదా తప్పు?" అంది. "కొలుచుకుంది నేను."

బియ్యం డబ్బాలో ఇప్పుడు బియ్యమే ఉన్నాయి. వెళ్లినప్పుడల్లా నేను చెయ్యి పెట్టి చూస్తాను. అమ్మ చూస్తుంది, చూసి ఏమీ అనదు.